పెట్టె నమ్మిన పది నిమిషాలు

నేను పుట్టుకతోనే పిరికిదాన్ని. మొదట మా అమ్మ అనేది, పెళ్ళయ్యాక మా ఆయన అన్నాడు, ఇప్పుడు నేనే ఒప్పుకుంటున్నాను. గ్యాసు కట్టేసి వీధిలోకి వచ్చాక మళ్ళీ వెనక్కి వెళ్ళి చూస్తాను. చూసి వచ్చాక, సరిగ్గా చూశానో లేదో అని ఇంకోసారి వెళ్తాను. బస్సు ఎక్కితే డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, ఆయన ఆవులించినప్పుడల్లా దగ్గుతాను. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్ళకు ఈ గుణం జబ్బు కాదు, అర్హత అని కాలేజీలో పాఠం చెప్పిన మేడమ్ ఒకసారి అన్నది. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంత దూరం వచ్చాను.

ఇంత దూరం అంటే ఏ పట్నమో అనుకునేరు. నారాయణఖేడ్ బస్ డిపో దారిలో ఉన్న మా మోటర్ వైండింగ్ దుకాణం దాకా. ముందు గదిలో మా ఆయన కాలిపోయిన మోటర్లు విప్పి కొత్త రాగి తీగ చుడతాడు. వెనక గదిలో ఆ వార్నిష్ వాసన పీలుస్తూ నేను లాప్‌టాప్ ముందు కూర్చుంటాను. ఇద్దరి మధ్య ఒక పరదా ఉంటుంది. దాని మీదుగానే రోజంతా పోట్లాడుకుంటాం.

మేమిద్దరం కలిసి ఒక పెట్టె తయారుచేశాం. బావి దగ్గర స్టార్టర్ పక్కన బిగించే పెట్టె. లోపల ఒక సిమ్ కార్డు, కరెంటు పోయినా పెట్టె పనిచేయడానికి ఒక చిన్న బ్యాటరీ ఉంటాయి. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ‘వెయ్యి’ అని పంపితే మోటర్ తిరుగుతుంది, ‘ఆపు’ అని పంపితే ఆగుతుంది. తీగల పని ఆయనది. పెట్టెకు మాటలు నేర్పే పని నాది. చేనుకూ ఇంటికీ మధ్య తిరిగి కాళ్ళరిగినవాళ్ళకు మా చుట్టుపక్కల కొదవ లేదు కాబట్టి, పెట్టెను అడిగేవాళ్ళు బాగానే వచ్చారు.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆపినవాళ్ళు మళ్ళీ వేయడం మరిచిపోయేవారు. మడి ఎండాక దుకాణానికొచ్చి, తప్పంతా పెట్టెదే అన్నట్టు మమ్మల్ని తిట్టేవారు. అందుకని, ఆపమన్నప్పుడల్లా పెట్టె ఎదురు ప్రశ్న వేసేలా చేశాను. ‘ఎంతసేపు?’ అని అడుగుతుంది. జవాబు చెబితే అంతసేపు ఆగి, తర్వాత తనంతట తానే మోటర్ వేస్తుంది.

చిన్న ప్రశ్నే కదా అనుకున్నాను. దానికి మనుషులు ఎన్ని రకాలుగా జవాబిస్తారో అప్పటిదాకా నాకు తెలియదు. గంటన్నర అనేవాళ్ళు గంటన్నర అంటే, డేఢ్ గంట అనేవాళ్ళు డేఢ్ గంట అన్నారు. రెండున్నరకు ఢాయి గంటలు అని ఒకరు, పావు తక్కువ రెండు అని మరొకరు. ఒకాయన ఒకటి రాసి, చుక్క పెట్టి, ముప్పై రాశాడు. లెక్కల పుస్తకం ప్రకారం అది గంటా పద్దెనిమిది నిమిషాలు. ఖేడ్ సంతలో ఎవర్ని అడిగినా గంటన్నరే అంటారు. ఇంకొకాయన వట్టి అయిదు అని పంపాడు. నిమిషాలా గంటలా అని పెట్టె అడిగితే, ‘అయిదు’ అని మళ్ళీ పంపాడు, ఈసారి కోపంగా నాలుగు చుక్కలు పెట్టి. బర్రె పాలు పిండేంతసేపు అని ఒకరు, మా కోడలు వచ్చేదాక అని ఒకరు. ఆ కోడలు ఎప్పుడొస్తుందో నాకేం తెలుసు, నా ప్రోగ్రాముకేం తెలుసు?

అయినా ఓపికగా అన్నీ నేర్పాను. పిరికిదాన్ని కాబట్టి ఒక నియమం పెట్టుకున్నాను. అర్థం కాకపోతే ఊహించవద్దు, మళ్ళీ అడుగు. తేలేదాకా మోటర్ వేయవద్దు. ఏ కొంచెం అనుమానమున్నా ఆగిన మోటర్ ఆగినట్టే ఉండాలి. మా ఆయన దాన్ని చూసి నవ్వేవాడు.

“నీ పెట్టె అచ్చం నీ లెక్కనే ఉన్నది. ఒక్కటి చెప్తె నాలుగు అడుగుతది,” అనేవాడు పరదా అవతల నుంచి.

అది నిజమే. ‘ఎంతసేపు?’ అన్న మాట కోసం నేను వెతుక్కోలేదు. రోజూ నా నోట్లో నానే మాట. ఆయన పని మీద ఊళ్ళకు పోతాడు, నేను ఫోన్ చేస్తాను. “ఎంతసేపు?” అంటాను. “పది నిమిషాలు,” అంటాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంకో జవాబు విని ఎరగను. ఆయన పది నిమిషాల్లో నేను వంట చేసి, తిని, గిన్నెలు తోమి, ఒక కునుకు కూడా తీయవచ్చు. ఆయన ఒక్కడే అని కాదు. మా దగ్గర హోటల్లో దోసె పది నిమిషాల్లో వస్తుంది, ఆఫీసులో సారు పది నిమిషాల్లో వస్తాడు, మనూర్ పోయే షేర్ ఆటో పది నిమిషాల్లో కదులుతుంది. ‘పోత’ అనకుండా ‘పోయొస్త’ అన్నట్టే, ఎదురుచూసే మనిషికి ఎక్కువ పొద్దు చెప్పకపోవడం మావాళ్ళ మర్యాద. చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. ఎవరూ గడియారం చూడరు.

ఇంకొక అలవాటు గురించి కూడా చెప్పాలి. పెట్టె రాకముందు మా ఆయన బావిలో దిగాల్సి వస్తే, ముందు స్టార్టర్ దగ్గరి మూడు ఫ్యూజులూ పీకి అంగీ జేబులో వేసుకునేవాడు. పింగాణీ ఫ్యూజులు. పైకొచ్చాక తిరిగి పెట్టడం మరిచిపోయి ఇంటికి తెచ్చేవాడు. అంగీ విప్పి కొయ్యకు తగిలిస్తుంటే జేబులో టకటకమనేవి. మర్నాడు పొద్దున్నే ఆ రైతు వచ్చి గుమ్మంలో నిలబడి నానా మాటలూ అనేవాడు. పెట్టె వచ్చాక ఆ టకటకలూ పోయాయి, ఆ తిట్లూ పోయాయి. మంచిదే అయిందనుకున్నాను.

బావిలో దిగడం కూడా మాన్పించాను. ఒకసారి ఒక పాత బావిలో రాయి జారి మోకాలు పగలగొట్టుకుని కుంటుతూ వచ్చాడు. ఆ రోజు ఆయన చెయ్యి తీసి నా నెత్తి మీద పెట్టుకుని, ఇంక దిగనని ఒట్టు వేయించుకున్నాను. దిగే మనిషిని కూలికి పెట్టుకోవాలి, నువ్వు పైన ఉండి చెప్పాలి అన్నాను. సరే అన్నాడు. ఆయన సరే అన్న తీరులోనే నాకు కొంచెం అనుమానం ఉండింది.

యాసంగి పంటకు నీళ్ళు పెట్టే రోజులు. మనూర్ దాటాక ఒక చేనులో ఉల్లిగడ్డ వేసిన ఒక అవ్వ మా దుకాణానికి వచ్చింది. వాళ్ళది కన్నడం మాట్లాడే ఇల్లు. ఒక్కతే సేద్యం చేసుకుంటుంది. మా పెట్టె ఆమె బావి దగ్గర కూడా ఉంది.

“పైపు ముడితె జుమ్ముమంటున్నది. నీళ్ళల్ల చెయ్యి పెడితె చీమలు కుట్టినట్టు అయితున్నది. ఒచ్చి జర చూడు, మగా,” అన్నది మా ఆయనతో. మగా అంటే వాళ్ళ మాటలో బిడ్డా అని.

ఆమె వెళ్ళాక ఆయన నాతో చెప్పాడు. బావి అడుగున నీళ్ళలో పడుకుని ఉండే మోటర్ అది. దాని కేబుల్‌కు నీళ్ళ లోపల అతుకు ఉంది. ఆ అతుకు ఊడి ఉంటుంది. మోటర్ తిరుగుతున్నంతసేపూ ఆ నీళ్ళలోకి కరెంటు దిగుతుంది. అంతసేపూ ఆ బావి బావి కాదు.

మర్నాడు పొద్దున బండి తీస్తూ, “స్టార్టర్ చూసొస్త,” అన్నాడు.

“ఎంతసేపు?”

“పది నిమిషాలు.”

“మనూర్ పోనీకె అయితదా పది నిమిషాలల్ల?” అన్నాను. నవ్వుతూ పోయాడు.

నేను వెనక గదిలో కూర్చున్నాను. ముందు రోజు పెట్టెకు కొన్ని కొత్త మాటలు నేర్పాను కాబట్టి, ఏ ఊరి నుంచి ఏ సందేశం వస్తుందో తెర మీద చూస్తున్నాను, అవి నా ఫోన్‌కు కూడా వచ్చేలా పెట్టుకున్నాను. కొంతసేపటికి అవ్వ బావి పెట్టె దగ్గర కదలిక వచ్చింది. మా ఆయన నంబరు నుంచి ‘ఆపు’ అని వచ్చింది. పెట్టె ‘ఎంతసేపు?’ అని అడిగింది. ఆయన ‘పది నిమిషాలు’ అని పంపాడు. ‘సరే. పది నిమిషాల తర్వాత మళ్ళీ వేస్తాను’ అని పెట్టె చెప్పింది.

నిజం చెప్పాలంటే నాకు సంతోషమైంది. ఇన్ని గజిబిజి జవాబుల మధ్య ఎంత శుభ్రమైన జవాబు! అంకె ఉంది, నిమిషాలని ఉంది, అనుమానానికి చోటే లేదు. నా ప్రోగ్రాము తడుముకోకుండా అందుకుంది. స్టార్టర్‌లో ఏ తీగో బిగిస్తూ ఉంటాడు అనుకుని, నీళ్ళు తాగుదామని లేచాను. కుండ ముందు గదిలో ఉంటుంది. కుండ పైన గోడకు ఒక మేకు ఉంటుంది. ఆ మేకుకు ఎప్పుడూ మా లావుపాటి తాడు వేలాడుతూ ఉంటుంది.

మేకు ఉంది. తాడు లేదు.

తాడును చూసి పామనుకుని భయపడేవాళ్ళను ఎగతాళి చేస్తారు. నేను తాడు లేకపోవడం చూసి భయపడ్డాను. చెంబు చేతిలోంచి జారి నీళ్ళన్నీ రాగి తీగ చుట్టల మీద పడ్డాయి. స్టార్టర్ చూడడానికి తాడెందుకు? బావిలో దిగడానికే తాడు కావాలి. ఆయన ఆ నీళ్ళలో ఉన్నాడు. ఆ అతుకు పట్టుకుని ఉన్నాడు. పెట్టెకు చెప్పిన పది నిమిషాలు కూడా నాకు ఫోన్‌లో చెప్పే పది నిమిషాలే. ఆ మాట అర్థం నాకు తెలుసు. పెట్టెకు తెలియదు. నేనే నేర్పలేదు.

వెనక గదిలోకి పరిగెత్తాను. లాప్‌టాప్ నుంచే పెట్టెకు ‘ఆపు’ అని పంపాను. పోయిందని చూపించింది గానీ జవాబు రాలేదు. ఆ చేను దగ్గర సిగ్నల్ దాని ఇష్టం. ఒక్కోసారి అవతలి రాష్ట్రం టవర్ తగులుతుంది, ఒక్కోసారి ఏదీ తగలదు. సందేశాలు ఎక్కడో ఆగి, బుద్ధి పుట్టినప్పుడు పోతాయి. మళ్ళీ పంపాను. మళ్ళీ పంపాను. మా ఆయన ఫోన్‌కు చేశాను. మోగింది, మోగి మోగి ఆగిపోయింది. అవ్వ ఫోన్‌కు చేస్తే స్విచ్ఛాఫ్. ఆ పెట్టెకు మాటలు నేర్పినదాన్ని నేనే, దాని నోరు మూయించడం నాకే చేతకాలేదు. మూడోసారి ఫోన్ చేసేటప్పుడు నంబరు తప్పు నొక్కాను.

అప్పుడు సబ్‌స్టేషన్ గుర్తుకొచ్చింది. అక్కడ పనిచేసే ఒకాయన నాకు ఫోన్‌లో బాగా తెలుసు. కరెంటు ఎప్పుడొస్తుందన్నా అని అడిగి అడిగి ఆయన ప్రాణం తీసేదాన్ని. ముఖం మాత్రం చూసి ఎరగను. ఆయనకు చేశాను. ఎత్తాడు.

“అన్నా, మనూర్ అవతలి లైన్ తియ్యి. జల్దీ తియ్యి అన్నా.”

“ఏందే చెల్లె, ఏమైంది? ఎంతసేపు తియ్యాలె?”

ఎంతసేపు. ఆ మాట ఇప్పుడు ఆయన నన్ను అడిగాడు. జవాబు ఏదని చెప్పను? పది నిమిషాలనా? గంటనా? రెండు గంటలనా? నేను ఎన్ని ఊళ్ళ జనాన్ని ఆ ప్రశ్న అడిగించానో, ఎందరు విసుక్కున్నారో అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

“తెల్వదన్నా,” అని ఏడ్చాను. “మా ఆయన బాయిల ఉన్నడు. నీళ్ళల్ల ఉన్నడు. మోటర్ దానంతటదే పడ్తది. ఆయన పైకొచ్చేదాక తియ్యన్నా.”

అవతల పరిగెత్తిన అడుగులు వినబడ్డాయి. తర్వాత ఏదో పెద్ద చప్పుడు.

“తీసిన. ఇగ నువ్వు ఫోన్ చేసి ఎయ్యమనేదాక ఎయ్య. ఎవడొచ్చి అడిగినా ఎయ్య. పో, పోయి చూడు.”

తీశాడు సరే. పది నిమిషాలలోపు తీశాడా, దాటాక తీశాడా? ఆ సంగతి ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. తెర వంక చూసి లెక్క వేసుకునే ధైర్యం లేదు. లెక్క వేస్తే ఏం తేలుతుందోనని లాప్‌టాప్ మూత మూసేశాను. పక్క దుకాణం అక్క స్కూటీ బయట ఉంది, తాళం దానికే ఉంది. అడగలేదు. ఎక్కి పోయాను.

మనూర్ దారి నేను వందసార్లు పోయిన దారే. ఆ రోజు అది ఎంతకీ తరగలేదు. ఎండకు రోడ్డు మీద నీళ్ళున్నట్టు కనబడేది, దగ్గరికి పోతే ఏమీ ఉండేది కాదు. కంది కోసిన చేన్లు అటూ ఇటూ బోసిగా ఉన్నాయి. ఏ చేను దగ్గరా మోటర్ చప్పుడు లేదు. కరెంటు లేదన్నమాట, మంచిది అనుకున్నాను. మరుక్షణమే, అక్కడ ఆయన చప్పుడు కూడా లేకపోతే అనిపించింది. బోరంచ నల్లపోచమ్మకు మొక్కుకున్నాను. ఏం మొక్కానో ఇప్పటికీ సరిగ్గా గుర్తు లేదు. బలికి ఒక యాటను మొక్కానని మా అత్తతో చెప్పి తర్వాత తీర్చాను గానీ, ఆ రోజు అమ్మ నన్నే అడిగినా ఇచ్చేదాన్ని.

సగం దారిలో సంచిలో ఫోన్ గణగణమంది. సందేశం. బండి ఆపి ఫోన్ తీశాను. పెట్టె నుంచి వచ్చింది.

‘మోటర్ వేశాను. కరెంటు లేదు. రాగానే మొదలవుతుంది.’

ఆ మాటలు నేను రాసినవే. రైతులకు అర్థమయ్యేలా, మర్యాదగా ఉండాలని ఒక పూటంతా కూర్చుని రాసిన మాటలు. రోడ్డు పక్కన నిలబడి వాటిని రెండుసార్లు చదివాను. అది మాట తప్పలేదు. చెప్పిన పది నిమిషాలూ ఆగి, మా ఆయన నీళ్ళలో ఉండగా మోటర్ వేసింది. కరెంటు అప్పటికే లేదు కాబట్టి తిరగలేదు. ఇప్పుడు కూడా వేసి పెట్టుకుని, కరెంటు ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చుంది. నేను పంపిన ‘ఆపు’లు ఇంకా దానికి చేరలేదు. ఆయనకూ చావుకూ మధ్య ఉన్నదల్లా సబ్‌స్టేషన్‌లో కూర్చున్న, నేను ముఖం కూడా చూడని మనిషి ఇచ్చిన మాట.

ఆ మనిషికి మళ్ళీ ఫోన్ చేశాను. “అన్నా, ఎయ్యలేదు గదా?”

“ఎయ్యలే. నువ్వు పో చెల్లె. నేను ఈడనే నిలబడ్డ.”

చేనుకు చేరేసరికి అవ్వ బావి ఒడ్డున కూర్చుని ఉంది. తాడు ఒక రాతి కంబానికి కట్టి ఉంది. కంబం మొదట్లో మా ఆయన అంగీ మడిచిపెట్టి ఉంది, దాని మీద ఫోన్ ఉంది.

“యాకవ్వా గిట్ల ఉరుకుతున్నవ్?” అన్నది అవ్వ. యాకవ్వా అంటే ఎందుకమ్మా అని. “గా ఫోన్ ఒకటే మోగుతున్నది. నాకు ఎత్తరాదు.”

నేను బావిలోకి తొంగి చూడలేదు. చూస్తే అక్కడే ఆగిపోతానని తెలుసు. తిన్నగా స్టార్టర్ దగ్గరికి పోయి తలుపు తీసి, ఒకటి, రెండు, మూడు ఫ్యూజులూ పీకాను. మా ఆయన పీకుతుంటే చూడడమే గానీ నేనెప్పుడూ ముట్టుకుని ఎరగను. మూడూ రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాక అప్పుడు ఒడ్డుకు వచ్చి చూశాను.

లోపల ఛాతీ దాకా నీళ్ళలో నిలబడి, కేబుల్ అతుకు రెండు చేతులా పైకి పట్టుకుని టేపు చుడుతున్నాడు. నోట్లో ఇంకొంచెం టేపు ఉంది. బతికి ఉన్నాడు. ఏ చింతా లేకుండా ఉన్నాడు. నా నీడ నీళ్ళ మీద పడిందేమో, తలెత్తి చూశాడు. ఒట్టు తప్పి దొరికిపోయిన మొహం పెట్టాడు.

“నువ్వెందుకొచ్చినవే?” అన్నాడు. తర్వాత, నన్ను శాంతపరచడానికి, “అయిపోయింది. పది నిమిషాలల్ల పైకొస్త,” అన్నాడు.

ఆ మాటకు నేను పెట్టిన కేక అవతలి రాష్ట్రం దాకా వినబడి ఉంటుంది. ఏం తిట్టానో చెప్పను. మా అత్త వింటే నన్ను ఇంట్లో ఉండనిచ్చేది కాదు. అవ్వ లేచి నిలబడి చెవుల మీద కొంగు కప్పుకుంది. ఆయన టేపు వదిలేసి, కేబుల్ వదిలేసి, తాడు పట్టుకుని పైకి వచ్చాడు.

పైకొచ్చాక నేను ఫోన్ చేతికిచ్చాను. తడి చేతులు ఒడ్డున పెట్టిన అంగీకి తుడుచుకుని పెట్టె సందేశం చదివాడు. ఒకసారి చదివి, నా చేతుల్లో ఉన్న ఫ్యూజుల వంక చూసి, మళ్ళీ చదివాడు. నిలబడ్డ చోటనే కూర్చుండిపోయాడు.

“పది నిమిషాలని ఎందుకు పెట్టినవ్?” అన్నాను. అప్పటికి నా గొంతు పోయింది. గుసగుసలాగా వచ్చింది.

తడి పంచె కొస పిండుకున్నాడు.

“ఎంతసేపు అని అడిగింది గదనే,” అన్నాడు. “అది నువ్వడిగినట్టే ఉండె. నీకు చెప్పినట్టే చెప్పిన. పెట్టెకు చెప్తున్న అన్న యాదే లేకుండె.”

“ఫ్యూజులు?”

“నువ్వు రాసిన పెట్టె గదా. ఫ్యూజులు ఎందుకు అనుకున్న.”

అప్పటిదాకా నాకు కోపం ఉండింది. ఆ మాటతో అది పోయి మళ్ళీ భయమే మిగిలింది. అది ఇప్పటికీ పోలేదు. నా భయాలన్నీ పోగు చేసి ఆ పెట్టెలో పెడితే, వాటిని చూసుకుని ఆయన ధైర్యంగా నీళ్ళలో దిగాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. తాలూకా మొత్తం గంటలు, డేఢ్ గంటలు నేర్చుకున్నాను. మా ఇంటి పది నిమిషాలు పెట్టెకు చెప్పాలని తోచలేదు.

సబ్‌స్టేషన్ అన్నకు ఫోన్ చేశాను. “వచ్చిండా పైకి?” అన్నాడు ముందు. వచ్చిండన్నాను. “నీ పక్కకే ఉన్నడా?” అన్నాడు. ఉన్నడన్నాను. “జర మాట్లాడించు,” అన్నాడు. మా ఆయన ఫోన్ తీసుకుని “అన్నా” అన్నాక గానీ ఆయన లైన్ వేయలేదు. అంత భయపడే నాకు కూడా, పైకొచ్చిన మనిషి గొంతే వినాలని తోచలేదు. ఆ తర్వాత ఒక రోజు మేమిద్దరం పోయి ఆయన్ని చూసి వచ్చాం. నేను అనుకున్నంత పెద్దవాడు కాదు. నాకన్నా చిన్నవాడే. ఇప్పటికీ అన్నా అనే పిలుస్తాను.

ఆ వారం నేను ఏ పనీ ముట్టలేదు, పెట్టెకు ఆ ఒక్కటి మార్చడం తప్ప. ఇప్పుడు ఆపమంటే అది ముందు వేరే ప్రశ్న అడుగుతుంది. ‘మనిషి దిగుతున్నాడా?’ అవునంటే ఇక ఎంతసేపు అని అడగదు. ఏ అంకె చెప్పినా వినదు. ఆపిన మనిషే, ఆ ఫోన్ నుంచే, పైకొచ్చానని చెప్పేదాకా కరెంటు వచ్చినా పోయినా ఊరుకుంటుంది. సబ్‌స్టేషన్ అన్న నాకు ఇచ్చిన మాటే దానికీ నేర్పాను. పైకొచ్చానని చెప్పడం మరిచిపోయి మడి ఎండబెట్టుకున్నవాళ్ళు మునుపటిలాగే వచ్చి తిడుతున్నారు. తిట్టనివ్వండి.

బావిలో దిగడం మాన్పించలేకపోయాను. చేతకాని కూలి మనిషిని దించి పైన నిలబడడం ఆయన వల్ల కాదట. నేను కూడా ఇంకొకరి ఇంటి మనిషిని దించమని అనలేకపోయాను. బదులుగా ఇంకో ఒట్టు వేయించుకున్నాను. ఎంతసేపో నిజం చెప్పాలి. ఈ ఒట్టు మాత్రం తప్పడం లేదు.

మొన్న బోరంచ వైపు నుంచి ఫోన్ చేశాడు.

“బాయిల దిగుతున్న. రెండు గంటలు పడ్తది,” అన్నాడు.

“ఫ్యూజులు?”

“జేబుల ఉన్నయ్.”

“సప్పుడు చెయ్యి.”

ఫోన్ జేబు దగ్గర పెట్టి ఊపాడు. టకటకమన్నాయి. నేను వింటూ నిలబడ్డాను. కుండ మీది మేకు బోసిగా ఉంది. ఎదురుగా రెండు గంటలు ఉన్నాయి. మునుపు పది నిమిషాలంటే నవ్వుకుని పనిలో పడేదాన్ని. ఇప్పుడు రెండు గంటలంటే రెండు గంటలూ చెయ్యాడదు.

ఆయనకు నా ఊపిరి వినబడిందేమో.

“భయమైతున్నదా?” అన్నాడు.

“అయితున్నది.”

“మల్ల పది నిమిషాలు అనాల్నా?”

“వద్దు,” అన్నాను.